జానెడు మట్టి

గుంటూరు శివార్లలో మట్టి కనబడే వాకిలి ఒక్కటీ మిగల్లేదు. ముప్పై ఏళ్లుగా అంతటా ప్లాస్టిక్ పచ్చికే, వాననీళ్లన్నీ గొట్టాల్లోకే. పిల్లలు మట్టిని బళ్లో గాజుపెట్టెలో చూస్తారు.

పచ్చిక పరిచే దానమ్మ, పాతది మార్చడానికి శేషుకుమారి ఇంటికొచ్చింది. పచ్చిక ఎత్తగానే ఎండి నెర్రె విచ్చిన నల్లరేగడి నేల నోరు తెరుచుకుని కనబడింది. ఆ నెర్రెలో బకెట్ నీళ్లు పోసి చెవి ఒగ్గింది. అడుగున పడ్డ చప్పుడే లేదు.

వెనకటి పనివాళ్లు నేల నీళ్లు తాగాలని గోడవార జానెడు మట్టి వదిలేవాళ్లు. కాళ్లకు బురదవుతుందని జనం విసుక్కుంటే, ఈ వీధంతా ఆ జానెడూ మూసేసింది దానమ్మే.

"నెర్రె గోడకింద నుంచి పక్కింట్లోకి పోయిందమ్మా," అంది.

పక్కవాకిట్లో శేషుకుమారి మనవరాలు గెంతుతోంది. "అమ్మమ్మా, ఇక్కడ ఉయ్యాల్లా ఊగుతోంది!"

పాప కాళ్లకింద పచ్చిక జోలెలా వేలాడుతోంది.

పరిగెత్తబోయిన శేషుకుమారి చెయ్యి పట్టుకుని ఆపింది దానమ్మ. "అరవమాకండి. అటు అడుగెయ్యమాకండి." పిట్టగోడ మీదుగా వంగి, జోకొడుతున్నట్టు పిలిచింది. "గెంతమాకు తల్లీ. బోర్లా పడుకో. మెల్లగా పాక్కుంటా నా దగ్గరికి రా."

పాప పడుకుంది. చెవి పచ్చికకు ఆనించి నవ్వింది.

"అమ్మమ్మా, ఎక్కడో కింద ఇప్పుడే నీళ్లు పడ్డాయి."