చెరోచోట చెప్పులు

"ఇక్కడ చెప్పులు విప్పరమ్మా!" అంది కూతురు కల్పన.

"దేవునింట్లకు చెప్పులేసుకొని ఎట్ల పోత?"

అండాలమ్మ ఒక చెప్పు చర్చి గుమ్మానికి ఇటు, రెండోది దూరంగా అటు విడిచింది. ఎల్‌బీ నగర్ నుంచి ప్రాగ్ పాతబస్తీకి టూరుకొచ్చినా, దిల్‌సుఖ్‌నగర్ గుడి దగ్గర నేర్చుకున్న జాగ్రత్త పోలేదు. జత దొరక్కపోతే దొంగ ముట్టడు.

గుమ్మంలోని ముసలి కాపలాదారు ఆమె పాదాలనే చూస్తున్నాడు.

"గాయన చూపంత నా చెప్పుల మీదనే ఉంది బిడ్డా."

"ఏడొందల ఏండ్ల చర్చి అమ్మా! జర పైకి చూడు."

లోపలికెళ్లిన అండాలమ్మ ఒక్కసారి పైకి చూసి, మళ్లీ గుమ్మం వైపు తిరిగింది. కాపలాదారు లేడు. గబగబా బయటికొచ్చింది. చినుకులు మొదలయ్యాయి. పెట్టినచోట చెప్పు లేదు.

"నేను చెప్పలే? ఎత్తుకపోయిండు!"

"అగో, ఆడున్నయ్ చూడు."

వానకు తడవని మూలన రెండు చెప్పులూ జతగా ఉన్నాయి. పక్కనే కాపలాదారు బూట్లు. లోపల ఆయన వట్టికాళ్లతో సిలువ ముందు మోకరిల్లి ఉన్నాడు.

"పా అమ్మా, మనోళ్లంత బస్సెక్కిండ్రు."

అండాలమ్మ బూట్ల పక్కన మెట్టు మీద కూర్చుంది.

"జర ఆగు బిడ్డా. ఎవరన్న ఎత్తుకపోతరు. పాపం, రెండు బూట్లు ఒక్కదగ్గరనే ఇడిచిండు."