పక్కింటాయన

ఆ చొక్కాకి గుండీ ఊడలేదు. ఎవరో బ్లేడుతో కోశారు.

టైలరమ్మ చొక్కాని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఏం బాబాయ్, మళ్ళీనా?"

"ఊడిపోయిందమ్మా," అన్నాడు ముసలాయన, గొంతు బాగా తగ్గించి.

"పోయినసారి మెడ దగ్గరది. ఇప్పుడు పొట్ట దగ్గరది. మీ ఇంట్లో ఎలుకలు బ్లేడ్లు పట్టుకు తిరుగుతున్నాయా ఏంటి?"

ఆయన గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కాలరు తడుముకున్నాడు. కొట్టుకీ వెనక గదికీ మధ్య ఉన్న తెర వైపు ఓసారి చూశాడు.

"నాన్నగారికి ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉన్నాడు. అయినా మా నాన్న మీకెలా తెలుసు?"

"రేపొచ్చి తీసుకెళ్తానమ్మా," అనేసి వెళ్ళిపోయాడు.

ఎవరీయన? గుండీ కోసుకుని మరీ ఎందుకొస్తున్నాడు? అప్పుడప్పుడూ కుట్టు ఆపి ఆలోచించేది టైలరమ్మ. అంతు చిక్కేది కాదు.

తెర వెనక తండ్రి మంచం మీద కూచున్నాడు.

ఒకప్పుడు ప్రెస్సులో పనిచేసేవాడు. కార్మికుల సమ్మె కరపత్రం అచ్చు వేశాడని పోలీసులు తీసుకెళ్ళి ఏళ్ళ తరబడి జైల్లో ఒంటరి గదిలో పెట్టారు. ఇప్పుడేమో జ్ఞాపకాలు ఒక్కొక్కటీ జారిపోతున్నాయి. నిన్న కూతుర్నే "ఎవరమ్మాయివి?" అని అడిగాడు.

ఒక్కణ్ణి మాత్రం మర్చిపోలేదు.

"పక్కింటాయన దొరికాడా?"

"జైల్లో పక్కిల్లేంటి నాన్నా!"

"గోడకి అవతల ఉండేవాణ్ణి మరేమంటారే? 'పదండి, అలా తిరిగొద్దాం' అనేవాడు. మాటల్తోనే వంతెన దాటించేవాడు. మార్కెట్టంతా తిప్పేవాడు. ఓసారి మన వీధికి తీసుకొచ్చి, 'మీ పాప గుమ్మంలో కూచుని కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుంటోంది' అన్నాడు."

"ఆయనకెలా తెలుసు?"

"నా కోసం కల్పించేవాడు, పిచ్చిదానా. ఆ గొంతే లేకపోతే నాకు మతి పోయేది. పేరడిగితే నవ్వేవాడు. వాణ్ణి వెతకవే. వాణ్ణి కూడా మర్చిపోయేలోపు ఒక్కసారి కళ్ళారా చూడాలి."

ఆమె వెతకని చోటు లేదు. ఆ రోజుల్లో జైలుకెళ్ళిన వాళ్ళని చాలామందినే అడిగింది. ఆ పక్క గదిలో ఎవరున్నారో ఎవరికీ తెలీదు.

మర్నాడు తండ్రి కొట్టులోకి వచ్చి దారపు ఉండలు సర్దుతున్నాడు.

గుండీల ముసలాయన గుమ్మంలోకి వచ్చాడు.

తండ్రి తలెత్తి చూశాడు. చేతిలో ఉండ జారి దొర్లుకుంటూ పోయింది. గబగబా లేచాడు. చేతులు వెనక్కి కట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నాన్నా! ఏమైంది?"

"ఆయన తలుపు తీస్తే ఇలాగే నిలబడాలి," అన్నాడు తండ్రి, గోడతోనే.

టైలరమ్మకి అర్థమైంది. ముసలాయన్ని వీధిలోకి లాక్కొచ్చింది.

"మీరు జైలు కావలివాళ్ళా?"

ఆయన తలూపాడు.

"ఇన్నాళ్ళూ ఏం చూద్దామని వచ్చారు? బతికున్నాడా లేడా అనా?"

"ఆయన్ని కూచోమనమ్మా. కాళ్ళు నొప్పెడతాయి."

"మీరే చెప్పండి! మీరు చెబితేగా కూచునేది!"

ఆయన నోరు తెరిచి, లోపలికి చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

ఆమె కోపం దిగమింగుకుంది. ఈయనకంటే తెలిసినవాడు ఇంకెవడు దొరుకుతాడు?

"ఒక్క ఉపకారం చేయండి. మా నాన్న పక్క గదిలో ఉన్నది ఎవరు?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"ఇంకా తల్చుకుంటున్నాడా?"

"అన్నం తిన్నాడో లేదో గుర్తుండట్లేదు. ఆయన మాత్రం గుర్తున్నాడు. పోయేలోపు ఆ మనిషిని చూపించమని నా ప్రాణం తీస్తున్నాడు. పేరు చెప్పండి, కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తా."

ముసలాయన మొహం వెలిగింది. పెదాలు కదిలాయి. అంతలో గుమ్మంలోంచి లోపలికి చూశాడు. ఆమె తండ్రి ఇంకా గోడకేసి తిరిగే ఉన్నాడు. వెలుగు కాస్తా ఆరిపోయింది.

"గుర్తులేదమ్మా."

"తాళాలు గుర్తుంటాయి, మనుషులు గుర్తుండరు! సిగ్గులేదూ? ఇంకోసారి ఈ గుమ్మం తొక్కకండి."

"తొక్కనమ్మా. వాణ్ణి మాత్రం వెతక్కు. మీ నాన్న మనసులో ఎలా ఉన్నాడో అలాగే ఉండనీ."

అన్నమాట ప్రకారం మళ్ళీ రాలేదు.

వానాకాలం వెళ్ళింది. ఒక పొద్దున తండ్రి గోడకి చెవి ఆనించి కూచున్నాడు.

"ఏం నాన్నా?"

"ఇక్కడ ఎవరో మాట్లాడేవాడే. ఎవరబ్బా?"

ఆమె కుట్టు వదిలేసి లేచింది. కొట్టు మూసి, కనపడ్డ వాళ్ళందర్నీ అడుగుతూ కావలివాడి ఇల్లు పట్టుకుంది. తిట్టైనా, బతిమాలైనా ఆ పేరు చెప్పించాలి.

తలుపు తీసింది ఆయన భార్య.

"ఆయన పోయి నెల దాటిందమ్మా. నువ్వెవరు?"

టైలరమ్మ చెప్పులు విప్పి గుమ్మంలో కూచుంది. చెప్పింది, తను ఎవరి కూతురో, ఎందుకొచ్చిందో.

"ఒక్కటి చెప్పండి పిన్నిగారూ. మా నాన్న పక్క గదిలో ఉన్న ఖైదీ పేరు ఎప్పుడైనా అన్నారా?"

పెద్దావిడ వింతగా చూసింది.

"ఖైదీ ఎవరమ్మా? ఆ వరసలో మీ నాన్న ఒక్కణ్ణే ఉంచారట."

"మరి పక్క గది?"

"కావలివాళ్ళు బట్టలు మార్చుకునే గదమ్మా అది, మా ఆయన డ్యూటీ దిగాక ఇంటికి రాకుండా అందులోనే గోడకి ఆనుకుని కూచుని, ఆ పొద్దున తను నడిచొచ్చిన వీధులన్నీ మీ నాన్నకి చెప్పి మరీ వచ్చేవాడు."