గోల్ పోస్టుల కింద చోటు

"ఏమైనా అడగండి కానీ, బూడిద మాత్రం వద్దమ్మా," అన్నాడు విల్ఫ్, మైదానంలో తెల్లగీతలు గీసే బండిని ఆపి.

ఎదురుగా నిలబడ్డ ముసలామె పేరు అవిస్. ఆమె చేతిసంచీలో బిస్కెట్ల డబ్బా ఉంది, డబ్బాలో ఆమె మొగుడు హోరేస్ ఉన్నాడు. చలికాలంలో పోయాడట. నది వైపు గోల్ పోస్టుల కింద తనను కలిపెయ్యమని అడిగి మరీ పోయాడట. యార్క్‌షైర్‌లోని ఆ ఊళ్ళో రగ్బీ పిచ్చివాళ్ళు ఆఖరున కోరేది అదే కాబట్టి, విల్ఫ్‌కు అందులో వింతేమీ కనబడలేదు.

వచ్చిన చిక్కల్లా క్లబ్బు ఛైర్మన్ గార్‌సైడ్ పెట్టిన ఆంక్షతోనే. కిందటేడు ఎవరో గుట్టుగా వచ్చి వాళ్ళ తాతగారిని మైదానం నడిబొడ్డున కుప్పగా పోసి పోయారు. గడ్డి మాడిపోయి, టీవీలో ఇంత మచ్చ కనబడింది. ఇది పవిత్రమైన నేల, శ్మశానం కాదు అని గార్‌సైడ్ పనివాళ్ళందర్నీ నిలబెట్టి ఉపన్యాసం దంచాడు. ఆ పవిత్రమైన నేల మీద మాంసం కచోరీల కంపెనీ పేరు బారెడు అక్షరాలతో రాయించిందీ ఆయనే. ఇకమీదట చిటికెడు బూడిద పడినా విల్ఫ్ ఉద్యోగం ఊడుతుందన్నాడు. యాభై దాటిన విల్ఫ్‌కు గడ్డి పెంచడం తప్ప మరో పని చేతకాదు.

అయినా ఆమెను వెనక్కి పంపడానికి అతనికి మనసొప్పలేదు. నదికి ఇవతలి గట్టు జనమంతా నలుపు-తెలుపు జట్టు, అవతలి గట్టు వాళ్ళంతా ఎరుపు-తెలుపు జట్టు. విల్ఫ్ నరనరానా ఇవతలి గట్టు మనిషి. బేకన్ ముక్క మీద ఎర్రచార, తెల్లచార ఉంటాయని జన్మలో దాన్ని నోట పెట్టలేదు. పెళ్ళాం ముచ్చటపడి ఎర్రకోటు కొనుక్కుంటే తీసుకుపోయి నల్లరంగులో ముంచాడు. పళ్ళ డాక్టరు అవతలి గట్టున ఉన్నాడని చెప్పి, వాచిన దవడతో ఎన్నాళ్ళు తిరిగాడో వాళ్ళ వీధంతటికీ తెలుసు.

అందుకే ఉండబట్టలేక, హోరేస్‌గారు ఆటలకు వచ్చేవారా అని అడిగాడు.

ఈ మైదానంలో రెండు జట్ల మధ్య జరిగిన డెర్బీ ఒక్కటంటే ఒక్కటి కూడా వదల్లేదని చెప్పిందామె. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా వానలో నిలబడి చూశాడట. పెద్దకూతురి పెళ్ళి అదే రోజు పడితే, చర్చిలోంచి పెళ్ళిబట్టలతోనే ఇక్కడికి పరిగెత్తాడట. డెర్బీ ముందు రాత్రి కంటిమీద కునుకుండేది కాదు, ఇంట్లో ఇంకో మాటా ఉండేది కాదు.

"ఆఖరి రోజున పిల్లల్ని కూడా అడగలేదు నాయనా," అంది అవిస్. "నలుపు-తెలుపు కెప్టెన్ మోకాలు బాగయిందా అని అడిగాడు. లేదు, ఈ ఏడాదిక ఆడలేడట అని చెప్పాను. అంతే, నా చెయ్యి నొక్కి కళ్ళు మూశాడు."

ఆ మోకాలి కబురు విన్న రాత్రి విల్ఫ్ కూడా ముద్ద ముట్టలేదు. పాపం, ఆ పెద్దాయన ఏకంగా ప్రాణమే వదిలేశాడు. మనవాడు కాకపోతే మన కెప్టెన్ కోసం ఇంత తపించేవాడెవడు?

"చచ్చినా ఈ జట్టును వదలనన్నాడు," అందామె.

విల్ఫ్ వెళ్ళి పార తెచ్చాడు. ఛైర్మన్ భోజనానికి వెళ్ళిన సమయం చూసి, పోస్టుల మధ్య పచ్చికను చాపలా కోసి పైకెత్తాడు. గడ్డి మాడకుండా బూడిదను ఇసుకలో కలిపి కింద పరిచాడు. పచ్చికను మళ్ళీ కప్పి తొక్కుతుండగా గార్‌సైడ్ రానేవచ్చాడు.

"ఏంటయ్యా అది?"

"ఇసుకండీ. నేల చెమ్మగా ఉందని."

"మంచిపని. ఇంకాస్త దట్టించు." ఆయన చూపు ముసలామె మీద పడింది. "ఈవిడెవరు?"

"మా ఆయన పోయేదాకా ఈ మైదానాన్నే తలుచుకున్నాడండీ," అంది అవిస్.

గార్‌సైడ్ కరిగి నీరయ్యాడు. తన మెడలోని నలుపు-తెలుపు కండువా తీసి ఆమె మెడలో వేసి, క్లబ్బు పత్రికకు పనికొస్తుందని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. కండువా మీద పడగానే ఆమె కొయ్యబారిపోయింది. మొగుడు గుర్తొచ్చి ఉంటాడనుకుని విల్ఫ్ తల పక్కకు తిప్పుకున్నాడు.

గుడ్‌ఫ్రైడే నాడు డెర్బీ. ఆట ముగిసే వేళకు నలుపు-తెలుపు జట్టుకు ఒక్క ట్రై చాలు, గెలుపు వాళ్ళదే. వాళ్ళ కుర్రాడు బంతి చంకన పెట్టుకుని, అడ్డొచ్చిన వాళ్ళందర్నీ తప్పించుకుని, నది వైపు గీత దాటేశాడు. ఇక వంగి బంతిని నేలకు ఆనిస్తే ట్రై అయినట్టే. సరిగ్గా పోస్టుల మధ్య అతని కాలి కింద పచ్చిక చాపలా జారింది. అతను వెల్లకిలా పడ్డాడు, బంతి ఎగిరి ఎక్కడో పడింది, విజిల్ మోగింది.

ఛైర్మన్ గది నుంచి విల్ఫ్‌కు అప్పుడే పిలుపొచ్చింది. ఉద్యోగం పోయినట్టేనని అతనికి అర్థమైంది. అంతకన్నా హోరేస్‌ను తలుచుకుంటేనే ఎక్కువ బాధేసింది. ప్రాణం పెట్టిన జట్టు తన గుండెల మీదే జారిపడి ఓడిపోతే ఆ పెద్దాయన ఆత్మ ఎంత క్షోభిస్తుందో. ఆమె కాళ్ళ మీద పడైనా సరే క్షమించమని అడగాలి.

సొంత జట్టు వాళ్ళు కూర్చునే స్టాండంతా వరసవరసా వెతికాడు. అవిస్ ఎక్కడా లేదు. చివరికి, చేసేది లేక, అవతలి గట్టు వాళ్ళు గంతులేస్తున్న వైపు తలెత్తి చూశాడు.

ఎర్ర కండువాల నట్టనడుమ నిలబడి, అవిస్ అతనికి చెయ్యి ఊపింది.