ఎర్ర లైటుకు ఊడని జిగురు

రిటైరయ్యే రోజు సాయంత్రం జిగురు ప్రయోగశాల డైరెక్టరు కుర్చీలోంచి లేవలేకపోయాడు.

"ఎవరో మన జిగురు పూశారమ్మా! కిటికీలోంచి ఎండ పడగానే బిగుసుకుపోయింది," అని గొల్లుమన్నాడు.

ఆ జిగురు ఆయన కనిపెట్టిందే. ఎండ తగిలితే అతుక్కుంటుంది, ఎర్ర లైటు వేస్తే వదిలేస్తుంది. రేపటి నుంచి ఆ కుర్చీలో కూర్చోవలసిన ఆయన శిష్యురాలు లైటు తెచ్చి ముందు నుంచీ వెనక నుంచీ వేసింది. కుర్చీ కిందికి దూరి మరీ వేసింది.

"ఊహూఁ, వదల్లేదు," అన్నాడాయన.

"పోనీ ప్యాంటు కత్తిరించేద్దామా సార్?"

"ఇన్నేళ్ళు డైరెక్టరుగా చేసి, చెడ్డీతో ఇంటికి పొమ్మంటావా? రేపు చూద్దాంలే. అందాకా నువ్వా స్టూలు మీద సర్దుకో."

ఆమెకు అనుమానం వచ్చి బీరువా తీసి చూసింది. ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సార్, జిగురు ఎవరూ వాడలేదు. ఒక్క సీసాకు కూడా సీలు తీయలేదు," అంది మెల్లగా.

ఆయన సీసాకేసి చూశాడు. కిటికీలోంచి జారిపోతున్న ఎండకేసి చూశాడు.

"అయితే తొందరగా సీలు తియ్యి తల్లీ," అన్నాడు. "ఎండ పోకముందే."