నిరీక్షణ అంటే ఏంది, ఖాలా?

‘నిరీక్షణ’ అన్న మాటకు నజ్మున్నీసా ‘పరీక్ష’ అన్న అర్థాన్ని నొక్కింది. తెర మీద ఎర్ర గుర్తు పడింది. ఆమె ఫోనును చార్జింగు నుంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఉర్దూ మీడియంలో చదివి, ఉద్యోగ పరీక్షల్లో తెలుగు పేపరు దగ్గర చతికిలబడే పిల్లల కోసం సుమిత్ర మేడమ్ పెట్టిన పద్ధతి అది. ముగ్గురిది ఒక జట్టు. ఫోనులో రోజూ కొత్త పదాలు వస్తాయి. ఎవరు ఏ పదం దగ్గర తడబడ్డారో జట్టులో అందరికీ కనిపిస్తుంది. ఒకరు తప్పితే ఇంకొకరు ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడి, ఆ మాట నేర్పించాలి. అంతవరకు ఆ జట్టుకు తర్వాతి పాఠం తెరుచుకోదు.

నజ్మున్నీసా ఏ ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టలేదు. భర్త పోయాక, పుట్టిన ఊరు కదా అని మెదక్ విడిచి నారాయణఖేడ్ వచ్చి, బస్సు డిపో వెనక గది అద్దెకు తీసుకుంది. చిన్ననాటివాళ్లు ఒక్కరూ మిగల్లేదు. పాలవాడు తప్ప ఆ తలుపు తట్టేవారు లేరు. ఇంట్లో పొద్దుపోక క్లాసులో చేరానంది. వయసునూ బుర్ఖానూ కలిపి చూసి, అక్కడివాళ్లంతా మొదటి రోజే ఆమె తెలివికి వెల కట్టేశారు. ఆమె కాదనలేదు.

ఫోను మోగింది. జట్టులోని పిల్ల, ఆమెను ఖాలా (పిన్ని) అని పిలిచే మిస్బా.

“నిరీక్షణ అంటే ఏంది, ఖాలా?”

“పరీక్ష కాదా బిడ్డా?”

“కాదు. ఎదురుచూసుడు. డిపో కాడ బస్సు కోసం కూసుంటరు చూడు, గది.”

“ఎవరొస్తరో తెలువకుంట కూసున్నా గదేనా?”

“గదే అనుకుంట.”

ఆపైన మాటలు ఎటెటో పోయాయి. అన్నం తిన్నవా అని మిస్బా అడిగింది. సిర్గాపూర్‌లో పెళ్లి సంగతులు చెప్పింది. ఆమె ఫోను పెట్టేశాక గదిలో ఫ్యాను చప్పుడే మిగిలింది.

ఆదివారం క్లాసులో, జట్టులో మూడోవాడు ఆసిఫ్ లేచాడు.

“ఖాలాను జట్టుల నుంచి తీసెయ్యున్రి మేడమ్. ఆమె మూలంగ మేం ఉన్నకాన్నే ఉన్నం. పరీక్ష ఆమెకు లేదు, మాకుంది.”

ఆ మాటలో న్యాయం ఉంది. నజ్మున్నీసా సంచి సర్దుకుని లేచింది. సుమిత్ర కూడా కుర్చీలోంచి లేచి నిలబడింది. నజ్మున్నీసా నిలబడి ఉండగా సుమిత్ర ఏనాడూ కూర్చోలేదు. దాన్ని గమనించే తీరిక ఎవరికీ లేదు.

సుమిత్ర అప్పటికప్పుడు ఇద్దరినీ పదాలు అడిగింది. ఆసిఫ్ సగంలోనే ఆగిపోయాడు. మిస్బా ఒక్కటీ తప్పలేదు.

“గివన్నీ ఎట్ల యాదికున్నయే నీకు?” అని సుమిత్ర అడిగింది.

“ఖాలాకు చెప్పి చెప్పి,” అంది మిస్బా. “నాకు సక్కగ రానియే ఆమె తప్పుతుంటది మేడమ్. ఆమెకు చెప్పనీకె నేను నేర్చుకోవాల్సొస్తది.”

“అయితే ఖాలా జట్టులనే ఉంటది. రేపటి సంది నువ్వు గూడ ఫోన్ చెయ్యి, ఆసిఫ్.”

అందరూ వెళ్లిపోయారు. నజ్మున్నీసా మాత్రం ఫోను చేతిలో పట్టుకుని బెంచీ చివర కూర్చుని ఉంది. సుమిత్ర తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

“రేపు ఏ మాట తప్పుతరు, టీచర్?”