పోలమ్మ వాటా

గురమ్మ మంచం కిందికి చీపురు తోసింది. ఏదో అడ్డు తగిలింది. బయటికి లాగితే గోనెసంచి, సంచిలో దుప్పి కొమ్ము. మూడు కొనలతో చెయ్యంత పొడుగుంది. మొదలు దగ్గర ఎండిన నెత్తురు మరక.

“ఏటయ్యా, ఇదేటి?”

ఆమె మొగుడు కూర్మారావు రైల్వేలో కీమేన్. రోజూ పట్టాల వెంట నడిచి బోల్టులు బిగించడం ఆయన పని. డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్నవాడల్లా ఒక బూటుతోనే ఆగిపోయాడు.

“లైను పక్కన దొరికిందే. గోడకి కొడితే టోపీ తగిలించుకోడానికి బాగుంటాదని...”

“మరి మంచం కింద దాసీసినావేటి?”

“నువ్వు అరుస్తావనే.”

గురమ్మ అరవలేదు. దాంతో ఆయనకు మరీ భయం వేసింది.

అది కార్తీకమాసం. ఆ ఇంట్లో నెల్లాళ్ళూ నీసు వండరు. మాసం మొదలైన కొద్దిరోజులకే కూర్మారావు కంచంలో ఆనపకాయ కూరను పాత పగవాణ్ణి చూసినట్టు చూడసాగాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే బడేసాబ్ కనిపించకుండా పోయాడు.

బడేసాబ్ అంటే మనిషి కాదు. అడవిని ఆనుకున్న బచేలి రైల్వే క్వార్టర్ల వెనకున్న ఉసిరిచెట్టు కిందికి తెల్లారేసరికి చుక్కల దుప్పుల మంద దిగుతుంది. ఆ మందలో పెద్ద పోతుకి క్వార్టర్లవాళ్ళు పెట్టిన పేరది. ఆయన కడుపు నిండేదాకా రాలిన కాయ మీద ఇంకొకరి మూతి పడటానికి వీల్లేదు. తొందరపడ్డవాళ్ళకి కొమ్ములు చూపించేవాడు.

ఆయన పోయాక కుర్రపోతు ఒకటి ఆ పెత్తనం అందుకుంది. అందుకు గురమ్మకు బాధ లేదు. ఆమె మనసు ఏడ్చింది మరొకదాని కోసం. బోడితల దుప్పి ఒకటి ఈమధ్య మంద చివర బిక్కుబిక్కుమంటూ నిలబడుతోంది. కాయ దగ్గరికి వస్తే చాలు, కుర్రపోతు పొడవబోతుంది. ఆడవి కూడా ముందుకాళ్ళెత్తి తరుముతాయి. తల మీద రెండు పుళ్ళు కూడా పడ్డాయి పాపం.

ఇది బడేసాబ్ పెళ్ళామేనని గురమ్మ తేల్చేసింది. మొగుడున్నన్నాళ్ళూ రాణిలా బతికి, పోగానే అందరికీ లోకువైపోయింది. పుట్టింట్లో వదినల చేత మాటలు పడ్డ తన మేనత్త కథా ఇదే. అందుకే ఆవిడ పేరే పెట్టింది, పోలమ్మ అని. రోజూ కూరగాయల తొక్కలు పోలమ్మ వాటాగా విడిగా బేసిన్లో పోసి, తక్కినవి రాకుండా చీపురు పట్టుకుని కాపలా కాస్తోంది.

“పోలమ్మ మొగుణ్ణి తినీసినావు,” అంది కొమ్ము చూపిస్తూ.

“నానా? ఒట్టే, దొరికిందంతే! ఊడి పడ్డాదేమో!”

“ఊడి పడ్డాదా? నాను పుట్టింట్లో గొడ్లు కాసినాను. ఆవుకి ఊడిందా? గేదెకి ఊడిందా? పోనీ మేకకి ఊడిందా?”

కూర్మారావు వాళ్ళ ఊళ్ళోనూ గొడ్లున్నాయి. ఒక్కదానికీ ఊడలేదు.

“మొన్న ఆదివారం నీ దగ్గర నీసు కంపు కొట్టింది.”

“అది నాతో పన్జేసే యేసుపాదం ఇంట్లో కోడి!” అనేసి నాలిక్కరుచుకున్నాడు.

“ఓలమ్మో! కార్తీకంలో కోడి తిన్నోడివి, నీకు దుప్పి లెక్కా? ఫారెస్టోళ్ళకి తెలిస్తే జైల్లో తోసీరా? ఉజ్జోగం ఉంటాదా?” కోపం కంటే భయం ఎక్కువైంది ఆమెకి. “నాను పేసింజరెక్కి మాయమ్మ కాడికి ఎల్లిపోతాను. నెత్తురు సూసినోడి పక్కన ఉండలేను.”

“నీ కార్తీకదీపం మీద పెమాణం సేస్తానే.”

“దీపం ముట్టకు! పోయి ముందు దాని కాళ్ళట్టుకో.”

ఒక చేత్తో కొమ్ము, ఇంకో చేత్తో మొగుడి జబ్బ పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. చెట్టు కింద మంద మేస్తోంది. గురమ్మ అలికిడి వినగానే అలవాటుగా పోలమ్మ ఒక్కతే విడివడి బేసిన్ దగ్గరికి వచ్చింది. కూర్మారావు ఒంటి బూటుతోనే మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించాడు.

“తల్లీ పోలమ్మా! నీ మొగుణ్ణి నాను సంపలేదమ్మా. నువ్వైనా సెప్పు మా ఇంటిదానికి!”

పోలమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. తొక్కలు రెండు నమిలి, పైన వేలాడుతున్న ఉసిరి రెమ్మ కోసం వెనకకాళ్ళ మీద నిటారుగా లేచింది. కూర్మారావు సరిగ్గా కింద ఉన్నాడు. తల పైకెత్తి చూశాడు.

“గురమ్మా... పోలమ్మ ఆడది కాదే.”

“సిగ్గులేకపోతే సరి!” అంటూనే గురమ్మ కూడా వంగి చూసింది. చూసి, చప్పున కళ్ళు పైకి తిప్పుకుంది.

పోలమ్మ కాళ్ళు దించి మళ్ళీ బేసిన్‌లోకి తల వంచింది. ఆ తల మీది పుళ్ళు రెండూ గుండ్రంగా, చెవుల పక్కన చెరొకటి, కొలిచి పెట్టినట్టున్నాయి. గురమ్మ చేతిలోని కొమ్ము తిప్పి మొదలు చూసింది. అదీ గుండ్రంగానే ఉంది, అంతే ఉంది; కోసిన గాటు లేదు, ఊడి పడ్డట్టే ఉంది. ఇన్నాళ్ళూ అందరూ ఆ కొమ్ములు చూసినవాళ్ళే గాని, వాటి కింద మొహం ఎలా ఉంటుందో చూసిందెవరు?

ఇందాకట్నుంచీ గుండెల మీద ఉన్న బండ దిగిపోయింది ఆమెకి. మొగుడి భుజం మీద చెయ్యి వేసి, ఏడుపూ నవ్వూ కలిసిపోయి దుప్పితో అంది:

“ఓలమ్మా, నీకు నువ్వే ముండమోసినావేటి బడేసాబూ!”