పేరు పెట్టి పాడే పాట

"లే పెద్దాయనా, పక్కకి జరుగు. తవ్వాలి."

కానిస్టేబుల్ పైక్ గుర్రం జీనుకు కట్టిన పార విప్పుతున్నాడు. కొత్త మట్టి కుప్ప పక్కనుంచి ముసలాయన కదల్లేదు. కదిలే ఓపికా లేదు. డార్లింగ్ నది ఒడ్డున మట్టి ఎండలకి రాయిలా బిగుసుకుపోయి ఉంది. నిన్నంతా రేకు పళ్ళెంతో, గోళ్ళతో గొయ్యి తవ్వి, శవాన్ని ఒంటరిగా మోసుకొచ్చి, ఒంటరిగా పూడ్చాడు.

"ఇందులో ఎవరన్నావు?"

"జాస్ టర్లీ. ఎన్నిసార్లు చెప్పించుకుంటావయ్యా?"

"మరి నువ్వు?"

"క్లెమ్ వేరీ. గొర్రెల బొచ్చు కత్తిరించే పని దొరికితే పని, లేకపోతే నడక. ఏళ్ళ తరబడి కలిసే తిరిగాం."

"చూడు క్లెమ్, బొచ్చు కత్తిరించేవాళ్ళ సమ్మెలో గొర్రెల షెడ్డు తగలబెట్టినవాడు జాస్. వీపు మీద కాలిన మచ్చ ఉంటుందట. అది చూడందే మా పైవాళ్ళు నమ్మరు."

"చచ్చినవాణ్ణి కూడా జైల్లో పెడతారేంటి? జ్వరంతో నా ఒళ్ళోనే పోయాడు బాబూ! వాణ్ణి రెండోసారి పూడ్చడం నా వల్ల కాదు. తవ్వేట్టయితే నన్నూ అందులోనే పడేసి పో, నీకు పుణ్యం ఉంటుంది."

పైక్ పార నేలకి ఆనించాడు. ఒకప్పుడు అతనూ దుప్పటి మూట భుజాన వేసుకుని ఈ దారులన్నీ తిరిగినవాడే. కూటి కోసం పోలీసు టోపీ పెట్టాడు.

"పాట పాడావా?"

"ఇంకా లేదు."

"అయితే పాడు. వింటాను."

ముసలాయన చప్పున తలెత్తాడు. దారిన తిరిగేవాళ్ళకి ఆ పాట ఒట్టు లాంటిది. తోడు పోతే వాడి పేరు పెట్టి పాడాలి. పాట దక్కనివాడికి మట్టిలో కూడా నిద్ర పట్టదంటారు. బతికున్నవాడి పేరు పెట్టారా, వాడు వచ్చే వానలు చూడడు.

అతను మట్టి కుప్పని నిమిరాడు. "ఏమీ అనుకోకురా," అన్నాడు.

*మూట దించరా నేస్తం, మునిగిపోయె పొద్దు*
*రేపటి నడక నాది, రేపటి నిదర నీది*
*ఏటి ఒడ్డున పడుకోరా, ఓ జాస్ టర్లీ*

పాట పొడుగునా తడబడ్డాడు. పేరు దగ్గర మాత్రం తడబడలేదు.

పైక్ టోపీ తీసి, చివరి పాదంలో తనూ గొంతు కలిపాడు. తర్వాత ముసలాయన మొహంలోకి చాలాసేపు చూశాడు. పార మళ్ళీ జీనుకి కట్టాడు. సంచిలోంచి గుప్పెడు టీ పొడి తీసి రేకు పళ్ళెంలో పోశాడు.

"జాస్ టర్లీ పోయాడని పైవాళ్ళకి చెప్తాను. ఇక వాడి కోసం ఎవరూ రారు."

"చల్లగా ఉండు బాబూ," అన్నాడు ముసలాయన. ఆ కాస్త మాటకే ఆయాసం వచ్చింది.

పైక్ గుర్రమెక్కి, నాలుగడుగులు పోయి, వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు క్లెమ్ పేరు పెట్టి పాడు, జాస్."